పోపు లేని పండుగ

"ఈ క్రిస్మస్‌కు ముత్యాన్ని రావద్దని చెప్పిన" అన్నాడు మా మామ.

దసరా వెళ్ళిపోయి, సెంటినరీ కాలనీలో చలి అప్పుడప్పుడే మొదలవుతోంది. క్వార్టర్ ముందు సందులో నవారు మంచం మీద కూర్చొని, ఎవరో పొరుగువాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పాడా మాట. నేను దండెం మీద బట్టలు ఆరేస్తున్నాను. తడి చీర చేతిలోనే ఉండిపోయింది.

మా మామ జ్ఞానయ్య బాయిలో బొగ్గు పని చేసి రిటైరైన మనిషి. ముత్యం కాక, జగదీశ్వర్ కాక ఆయన గ్యాంగువాళ్ళు. లోపల ముగ్గురూ ఒక్కచోట కూర్చొని సద్దులు విప్పి, కలుపుకొని తిన్నవాళ్ళు. డ్యూటీలు అయిపోయినా ఆ పద్ధతి పోలేదు. దసరాకు అందరూ ముత్యం కాక ఇంట్లో, క్రిస్మస్‌కు మా ఇంట్లో. నేను కోడలిగా వచ్చాక, పోయిన క్రిస్మస్ దాకా అది తప్పిన ఏడు లేదు.

"ఎందుకు వద్దన్నవ్ మామా?" అని అడిగాను.

ఆయన మంచం పట్టె పట్టుకొని నిటారుగా కూర్చున్నాడు. మాట్లాడాలంటే ఇప్పుడు ఊపిరి కూడబెట్టుకోవాలి.

"ఇంటికి పిలిచినోడు బయట కూసుండి, వచ్చినోళ్లు లోపట తింటే గది పండుగ కాదు బిడ్డా" అన్నాడు.

పోయిన క్రిస్మస్ సంగతి అది. అందరి ముందూ విస్తళ్ళున్నాయి. మా అత్త సుసన్న, పప్పు వేడిగా ఉండాలని ఆఖరి నిమిషంలో పోపు పెట్టింది. ఎండుమిరపకాయ నూనెలో పడిందో లేదో ఆ ఘాటు రెండు గదులూ నిండిపోయింది. మామ దగ్గు మొదలుపెట్టాడు. అన్నం చేత్తోనే బయటికి పరుగెత్తి మోరీ గట్టు మీద కూలబడ్డాడు. పెదవులు నల్లబడిపోయాయి. మా ఆయన ఎడ్వర్డ్ బండి మీద దవాఖానకు తీసుకుపోయాడు. ముత్యం కాక, జగదీశ్వర్ కాక సగం తిన్న విస్తళ్ళ ముందు చేతులు కడుక్కొని వెళ్ళిపోయారు.

ఊపిరితిత్తులు దుమ్ముతో గట్టిపడ్డాయని, పొగా ఘాటూ తగలకూడదని, కారం మసాలా ముట్టకూడదని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి మామ మంచం సందులోకి వచ్చింది. పొయ్యి మీద మూకుడు పెట్టిన చప్పుడు వినగానే ఎవరూ చెప్పకుండానే లేచి బయటికి నడుస్తాడు. గంజి, ఉప్పేసి ఉడికించిన బీరకాయ తింటాడు. దవాఖాన కూడు అంటాడు దాన్ని. తన కోసం ఎవరినైనా ఒక్క మాట అడగాలంటే చచ్చిపోయే మనిషి. కాబట్టి పోపు మానేయమని ఎన్నడూ అనలేదు, మాకూ తోచలేదు. అందుకే ఈ ఏడు దసరాకు ముత్యం కాక ఇంటికి పోలేదు. ఇప్పుడు క్రిస్మస్ కూడా వద్దనుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియదు, మండింది. పెళ్ళయిన కొత్తలో నేను డిగ్రీ పరీక్షలు రాస్తానంటే ఇంట్లో అందరూ ముఖం ముడుచుకున్నారు. నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకొని గోదావరిఖని దాకా తొక్కిన మనిషి ఈయన. ఆ రోజు ఎవరి మాటా వినలేదు ఈయన. ఇవాళ నేనూ ఈయన మాట వినదలచుకోలేదు. ముత్యం కాక రావాలి. మామ ఆయన పక్కనే లోపల కూర్చోవాలి. ఆయన తిన్నదే ఈయనా తినాలి. చీర దండెం మీద వేసి, క్లిప్పు పెట్టేలోపు నిర్ణయం అయిపోయింది. నా మొండితనం అలాంటిది. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ దానికే తిట్టింది.

నిర్ణయం అయితే అయింది గానీ, వండేదేమిటి? మన ఇళ్ళలో పోపూ కారం లేని వంట అంటే పథ్యమే. ఇడ్లీ పెడదామా అంటే, ఎవరికి జరమొచ్చిందని ముత్యం కాక అడుగుతాడు. నాకు పథ్యం కాని వంట కావాలి. మనుషులు కొత్తబట్టలు కట్టుకొని, పదిమందిని పిలిచి తినే వంట కావాలి.

అలా ఆలోచిస్తుండగా గుర్తొచ్చాడు చెన్ సారు.

మా పుట్టిల్లు శ్రీరాంపూర్. మా నాన్న ఒక గెస్ట్ హౌజ్‌లో వంట చేసేవాడు. నేను బడికి పోయే రోజుల్లో, ఏదో పెద్ద మిషను బిగించడానికి చైనా నుంచి ఇంజనీర్లు వచ్చి అక్కడ దిగారు. ఆ చలికాలంలోనే వాళ్ళ కొత్త సంవత్సరం వచ్చింది. చెన్ సారు అనే ఆయన ఆ రోజు మా నాన్నను స్టూలు మీద కూర్చోబెట్టి తానే వంటింట్లోకి దిగాడు. ముల్లంగి తురిమి, బియ్యప్పిండి కలిపి, మా ఇడ్లీ గిన్నెలోనే ఆవిరి మీద ఉడికించాడు. నేను గడప మీద కూర్చొని చూశాను. మూకుడు లేదు, పొగ లేదు. వాళ్ళందరూ బల్ల చుట్టూ కూర్చొని ఆ ముక్కలు తింటూ ఎంత సంబరపడ్డారో! ఒకాయన తింటూ తింటూ కళ్ళు తుడుచుకున్నాడు. అది వాళ్ళ పండుగ వంట అని మా నాన్న చెప్పాడు. రుచి నాకు ఇప్పటికీ నాలుక మీదే ఉంది. ఏది ఎంత, ఏది ముందు అన్నది మాత్రం గుర్తులేదు, అడుగుదామంటే నాన్న లేడు.

ఫోన్లో వెతికితే ఒక చైనా ముసలమ్మ వీడియో దొరికింది. ఒక్క మాట అర్థమైతే ఒట్టు. అయినా చేతులు కనిపిస్తున్నాయి, చాలనుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి రాగానే మొదలుపెట్టాను. ముల్లంగి తురిమి, ఉప్పు చల్లి, గట్టిగా పిండి, ఆ నీళ్ళు పారబోశాను. మా వైపు ముల్లంగి ఇంటికొస్తే మొదట చేసే పని అదే, వాసన పోవాలి కదా. పిండి కలిపి ఆవిరికి పెట్టాను. దించితే కత్తి దిగలేదు. మా అత్త వచ్చి వేలితో కొట్టి చూసింది.

"దాచిపెట్టు, దొడ్డిగోడకు ఇటుకలు తక్కువున్నయ్" అని వెళ్ళిపోయింది.

ఎడ్వర్డ్ షిఫ్టు దిగి ఆకలి మీద వచ్చి ఒక ముక్క నమిలాడు. చెంబెడు నీళ్ళు తాగి పడుకున్నాడు.

మళ్ళీ వీడియో చూశాను. ముసలమ్మ ముల్లంగిని పిండనే లేదు. ఆ తురుమును దాని నీళ్ళలోనే సన్నటి సెగ మీద మగ్గనిచ్చి, ఆ వేడి నీళ్ళలోనే పిండి కలుపుతోంది. నేను మోరీలో పోసిందే ఆమె గిన్నెలో ఉంచుకుంది. మన అలవాటు చేతుల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, కళ్ళ ముందు చూస్తూ కూడా నేనది చూడలేదు.

వారం తిరిగాక రెండోసారి చేశాను. ఈసారి పిండలేదు. క్యారెట్, పుట్టగొడుగులు, ఉల్లికాడలు సన్నగా తరిగి వేశాను, ఉడికించిన పల్లీలు వేశాను, పైన నువ్వులు చల్లాను. మూత తీయగానే ఘుమఘుమలాడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. వేడివేడిగా పెడదామని అప్పటికప్పుడే కోశాను. అంతే, జిగురులా కత్తికి అంటుకుని సాగింది. గరిటెతో తీస్తే ముద్ద.

అత్త ఈసారి నవ్వలేదు. గిన్నెలోకి చూసి, నావైపు చూసింది.

"పండుగపూట పోపు లేని కూడు పెడ్తవా మనుషులకు? ముత్యం ఎన్నేండ్ల సంది నా చేతి మటన్ తిని పోతున్నడు. గీ గంజిముద్ద పెట్టి పంపుతవా?"

"మీ మటన్ మంచిదే అత్తమ్మా" అన్నాను. "దాని వాసనకే కదా మామ బయటికి ఉరికేది."

అనకూడని మాటే. కానీ నిజం. అత్త ముఖం మాడిపోయింది. గోడవైపు తిరిగి బియ్యం చెరగడం మొదలుపెట్టింది. ఆమె చేతి వంటకు కాలనీలో పేరుంది. చర్చిలో పెళ్ళిళ్ళకు పిలిచి మరీ వండించుకుంటారు. ఆ చేతివంటే మొగుడికి విషమైందని కోడలు అంటే ఎవరికైనా గుండె రగలదా? నాకు జాలేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

కోపంతో ఆ గిన్నె మీద మూత పడేసి అలాగే వదిలేశాను. తెల్లారి పారబోద్దామని మూత తీస్తే, ముద్ద గట్టిపడి ఉంది. కత్తి పెడితే జున్ను కోసినట్టు దిగింది, ముక్క ముక్కగా విడివడింది. మనం ఆవిరి మీద ఉడికినదేదైనా పొగలు కక్కుతుండగానే తింటాం. చల్లారిందంటే చద్ది కింద లెక్క. ఇది మాత్రం చల్లారాకే తయారవుతుంది. వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ముందురోజే చేసుకోవచ్చు! పండుగ నాడు తినేముందు కాస్త ఆవిరి చూపిస్తే చాలు.

పళ్ళెంలో పెట్టుకొని సందులోకి వెళ్ళాను. మామ ఒక ముక్క తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. కొరికాడు. మెల్లగా నమిలాడు. దగ్గు రాలేదు.

"ఏందిది బిడ్డా, పథ్యమా?"

"కాదు మామా. చైనావోళ్ల పండుగ వంట. అందర్ని పిలుచుకొని తింటరంట."

"పండుగ వంటనా" అని మళ్ళీ ముక్క వైపు చూశాడు. "అయితే ఇంకోటి పెట్టు."

నేను వంచిన తల ఎత్తలేదు. కళ్ళల్లో నీళ్ళు చూస్తే ఆయన మళ్ళీ తినడని భయం. అప్పుడే అడిగాను, క్రిస్మస్‌కు ఇంట్లో ఇదే వండుతాను, పోపు ఉండదు, ముత్యం కాకను పిలవనా అని. ఆయన ఔననలేదు, కాదనలేదు. మీ అత్త ఏమంటదో అన్నాడు. నేనది ఔను కిందే జమ కట్టుకున్నాను.

ముత్యం కాక ఇప్పుడు కాసిపేటలో ఉంటాడు. బస్సెక్కి వెళ్ళాను. నన్ను చూసి ఆయన భార్య పూలమ్మ చాయ్ పెట్టింది గానీ కాక ముఖం తిప్పుకొని కూర్చున్నాడు. కాసేపటికి మనసులోది కక్కాడు. మామ దసరాకు రాలేదట, క్రిస్మస్‌కు రావద్దని ఫోన్ చేశాడట, తానేం తప్పు చేశాడో తెలియక నిద్రపట్టడం లేదట. అప్పుడు చెప్పాను నేను సంగతంతా. పోపు వాసనకే మామ బయటికి పోయి కూర్చోవడం, బయట కూర్చొని మిమ్మల్ని లోపల తినమనలేకపోవడం. ఈసారి కారం లేదు, పోపు లేదు, మటన్ కూర కూడా లేదు, ముల్లంగితో చైనా వంట చేస్తున్నానని కూడా దాచకుండా చెప్పాను. ముల్లంగా, అని పూలమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

ముత్యం కాక చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"బాయిల ఉప్పు కలిపిన జొన్న గట్కతోని పొద్దు గడిపినం బిడ్డా. ఏం పెడ్తవో నాకెందుకు? మీ మామ నా పక్కన కూసుంటడా, గది చెప్పు."

"కూసుంటడు కాకా" అన్నాను.

అన్నానే గానీ, తిరుగు బస్సులో కూర్చున్నాక ఇంకో సంగతి తట్టింది. మా ఇంటి పొయ్యి నా చేతిలో ఉంది. పక్కింటి పొయ్యి ఎవరి చేతిలో ఉంది? మా క్వార్టర్లన్నీ ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి. మా వంటింటికీ పక్కింటి లస్మవ్వ వంటింటికీ మధ్య ఒకటే గోడ, దానికి పైన గాలి కోసం జాలీ. ఆ లస్మవ్వ కొడుకు అంజికి పప్పు మీద పోపు చుయ్యిమనకపోతే ముద్ద దిగదు. సరిగ్గా అన్నాల వేళకే ఆ ఘాటు మా ఇంట్లోకి వచ్చేది. పైగా లస్మవ్వకూ మా అత్తకూ నల్లా నీళ్ళ దగ్గర పంచాయితీ అయి వినాయక చవితి నుంచీ మాటల్లేవు.

ఇంటికి రాగానే, నేను పోయి లస్మవ్వను ఒక్క పూట పోపు ఆపమని అడుగుతానన్నాను. అత్త వినగానే లేచింది.

"నువ్వు పోకు. మంది ఇంట్ల పొయ్యి ఆపుమంటానికి మనమెవ్వలం? పోతివా, నేను క్రిస్మస్‌కు డెబోర ఇంటికి పోత."

డెబోరా మా ఆడబిడ్డ. పండుగనాడు అత్త అలిగి కూతురింటికి పోతే మామ ముద్ద ముట్టడు. ఆ ఆలోచన మానుకున్నాను. జాలీకి పాత దుప్పటి కుక్కుదామని, అంతకంటే చేయగలిగింది లేదని అనుకున్నాను. పండుగ దాకా ఉన్న ఆ పది రోజులూ అత్తాకోడళ్ళం అవసరానికి మించి మాట్లాడుకోలేదు. పండుగ ముందురోజు నేను ముల్లంగి తురుముతుంటే, ఆమె ఎవరూ అడక్కుండానే మేక ఎముకలు తెప్పించి, అల్లం వేసి, కారం లేకుండా తెల్లగా సూపు కాచింది. ఉప్పు చూడమని గరిటె నాకందించింది. చాలా బాగుందన్నాను. ఆమె గిన్నె మీద మూత పెట్టేసింది.

క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక అందరం ఇంటికి వచ్చాం. క్రిస్మస్ చుక్క దీపం కింద, ముందు గదిలో చాపలు పరిచాను. ముత్యం కాక, పూలమ్మ, జగదీశ్వర్ కాక వచ్చారు. మామ కొత్త చొక్కా వేసుకొని ముత్యం కాక పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఎడ్వర్డ్ చిన్న ప్రార్థన చేశాడు.

నేను ముక్కలు వడ్డించాను. తెల్లటి ముక్కల్లో క్యారెట్, ఉల్లికాడలు రంగురంగులుగా కనిపిస్తున్నాయి. ముత్యం కాక ఒకటి నోట్లో వేసుకున్నాడు. అందరం ఆయన దవడలే చూస్తున్నాం. మింగి, సూపు తాగి, అలవాటు కొద్దీ తల ఎత్తకుండానే అడిగాడు, పచ్చిమిరపకాయ ఒకటి ఉన్నదా బిడ్డా అని. అడిగి నాలుక కరుచుకున్నాడు.

"ఇంటికి పోయి తినుపో" అన్నాడు మామ.

ముందు పూలమ్మ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు, నవ్వుతో దగ్గొచ్చింది. చేతులన్నీ విస్తళ్ళ మీద ఆగిపోయాయి. ముత్యం కాక మామ వీపు మీద చెయ్యి వేశాడు. మామ గోరువెచ్చటి నీళ్ళు తాగాడు, రెండుసార్లు ఊపిరి పీల్చాడు, ఇంకో ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాడు. చేతులు మళ్ళీ కదిలాయి. అక్కడినుంచి ఇక బాయి ముచ్చట్లే. ఎవరు ఎవరి సద్దిలో చేప ముక్క దొంగిలించారో, ఇన్నేళ్ళ తర్వాత కూడా తేల్చుకోలేకపోయారు.

నేను మాత్రం వంటింట్లో జాలీ కింద నిలబడి ఉన్నాను. దుప్పటి కుక్కినా నమ్మకం లేదు. అన్నాల వేళ అయింది. దాటింది కూడా. కుక్కలా వాసన చూస్తూనే ఉన్నాను. ఏమీ లేదు. అవతలింటి నుంచే కాదు, ఇటువైపు ఇంటి నుంచీ లేదు. పండుగ సెలవుకు అంతా ఊళ్ళకు పోయారేమో అనుకున్నాను.

అప్పుడు గోడ అవతలినుంచి లస్మవ్వ గొంతు గట్టిగా వినిపించింది.

"సుసన్నక్కా, అన్న తినుడు అయిందా? మా అంజి ఆకలికి ఆగుతలేడు. పోపు పెట్టుకోవాల్నా, ఇంకింత ఆగాల్నా?"

వెంటనే ఇటు పక్క క్వార్టర్ నుంచి ఇంకో ఆడగొంతు, మేము కూడా ఆగినం అక్కా, జర చెప్పు అంది.

నేను గిర్రున తిరిగి, పొయ్యి దగ్గరున్న అత్త వైపు చూశాను. నన్ను పోవద్దన్న మనిషి, తానే గడప గడపకూ పోయింది. మాటల్లేని లస్మవ్వ గడప కూడా తొక్కింది. అత్త నా ముఖం చూడలేదు. చెంగుతో చేతులు తుడుచుకొని, జవాబు చెప్పడానికి నోరు తెరిచింది.

ముందు గదిలో నవ్వులు ఆగిపోయాయి. మామ విన్నాడు. తన వల్ల క్వార్టర్ల లైనంతా పొయ్యిలు ఆపుకొని కూర్చుందని ఆయనకు అప్పుడే తెలిసింది. సిగ్గుతో లేచి బయటికి పోతాడని నేను గడప దాకా పరుగెత్తాను.

ఆయన లేవలేదు. ముత్యం కాక విస్తరి వైపు చూశాడు, తన విస్తరి వైపు చూసుకున్నాడు. ఊపిరి కూడదీసుకొని, గోడ అవతలికి వినపడేటట్టు మెడ ఎత్తాడు.

"ఇంకింత ఆగు చెల్లే" అన్నాడు. "మేమింక తింటున్నం."